పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: కోటి రూపాయల ఆట తెలుగులోకి ఎలా వచ్చింది?

కిందటి సంచికలో ఒక పాఠకుడు అడిగిన చిన్న ప్రశ్నకు, ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అనే టీవీ క్విజ్ కార్యక్రమం 2014లో మొదలైందని ఒక్క వాక్యంలో జవాబిచ్చాం. ఆ వాక్యం ఎవరికీ చాలలేదని వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్, మంచిర్యాల వైపుల నుంచి వచ్చిన ఉత్తరాలు చూశాక అర్థమైంది. ఒకరు తేదీలు అడిగారు, ఒకరు పన్ను సంగతి అడిగారు, ఇంకొకరు ఏకంగా రామప్ప గుడి ఏ జిల్లాలో ఉందో తేల్చమన్నారు. ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నాగార్జున గారు నడిపినది, చిరంజీవి గారు నడిపినది, ఎన్టీఆర్ గారు నడిపినది ఒకే కార్యక్రమమా, లేక మూడు వేరువేరు కార్యక్రమాలా? మా ఇంట్లో ఈ విషయమై రెండు పక్షాలున్నాయి. మా అన్నయ్య మొదటి రెండూ ఒకటే గానీ మూడోది వేరే అంటాడు. వరుస క్రమం చెప్పగలరు.
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ఆట ఒకటే. పేర్లు రెండు, చానళ్లు రెండు, వ్యాఖ్యాతలు ముగ్గురు. మీ అన్నయ్య పొరబడటానికి ఆ తేడాలే కారణమై ఉంటాయి.

తెలుగులో ఈ ఆట 2014 జూన్ 9న మా టీవీలో, నాగార్జున వ్యాఖ్యాతగా, ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అనే పేరుతో మొదలైంది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన సరిగ్గా వారానికి మొదటి ఎపిసోడ్ వచ్చిందన్నమాట. ఆ రోజుల్లో పత్రికలన్నీ కొత్త ప్రభుత్వం వార్తలతోనే నిండి ఉండటం వల్లనేమో, ఈ ఆట ఏ సంవత్సరంలో మొదలైందంటే చాలామంది తడుముకుంటారు. మొదటి మూడు సీజన్లు నాగార్జునే నడిపారు. నాలుగో సీజన్ 2017 ఫిబ్రవరి 13న చిరంజీవితో మొదలైంది. అదే నెలలో మా టీవీ పేరు స్టార్ మాగా మారింది కనుక, చానల్ కూడా మారిందని కొందరు అనుకున్నారు. మారింది పేరు మాత్రమే. దాదాపు పదేళ్ల విరామం తర్వాత చిరంజీవి కథానాయకుడిగా తిరిగి వచ్చిన సినిమా ఆ జనవరిలోనే విడుదలైంది. నెల తిరిగేసరికి ఆయన బుల్లితెర మీద కూడా కనిపించారు.

ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా తెలుగులో ఈ ఆట లేదు. 2021 ఆగస్టు 22న జెమినీ టీవీలో, జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా, ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అని పేరు మార్చుకొని తిరిగి వచ్చింది. తొలి ఎపిసోడ్‌కు రామ్‌చరణ్ అతిథిగా వచ్చారు. సోమవారం నుంచి గురువారం వరకు రాత్రి ఎనిమిదిన్నరకు ప్రసారమయ్యేది. తెలుగులో ఇది ఐదో సీజన్. పేరు, చానల్ రెండూ మారినా హాట్ సీటు (పోటీదారు కూర్చునే కుర్చీ), లైఫ్‌లైన్లు (జవాబు తెలియనప్పుడు వాడుకునే సాయాలు), కంప్యూటర్ తెర, నేపథ్య సంగీతం అన్నీ పాతవే. మీ ఇంట్లో రెండో పక్షం నెగ్గినట్టే.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి విరమణ పొందాను. 2000 సంవత్సరంలో మా కాలనీలో రాత్రి తొమ్మిది కొడితే ప్రతి ఇంట్లోనూ అమితాబ్ బచ్చన్ గొంతే వినిపించేది. హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా కదలకుండా చూసేవారు. అంత ఆదరణ ఉన్న ఆట తెలుగులోకి రావడానికి పద్నాలుగేళ్లు ఎందుకు పట్టింది? మన చానళ్లకు ఆ ఆలోచనే రాలేదా?
(ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: ఆలోచన రాకపోవడం కాదు. ఇది ఎవరు పడితే వారు తీసుకొని నడుపుకొనే ఆట కాదు. ఈ ఆట ఏ భాషలో ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ చానల్‌కు మారింది అన్నది ప్రేక్షకుల ఇష్టాయిష్టాల కంటే హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయి, చానల్ ఎవరి సొంతం అన్న వాటి మీదే ఎక్కువగా ఆధారపడింది. మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన దేశంలో తెర మీద క్విజ్ అనేది కొత్త సంగతేమీ కాదు. 1985లో దూరదర్శన్‌లో ‘క్విజ్ టైమ్’ నడిపిన సిద్ధార్థ బసు పేరు మీ తరానికి గుర్తుండే ఉంటుంది. అమితాబ్ నడిపిన హిందీ ఆట ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ని నిర్మించిన బృందానికి నాయకుడు కూడా ఆయనే. అయితే దూరదర్శన్ క్విజ్‌లో కళాశాల విద్యార్థుల జట్లు పోటీపడేవి, ప్రేక్షకుడు దూరం నుంచి మెచ్చుకునేవాడు. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో మొదలైన హిందీ ఆటలో మొదటి నాలుగైదు ప్రశ్నలకు ఇంట్లో కూర్చున్న వారెవరైనా జవాబు చెప్పగలిగేవారు. ఆ సులువైన ప్రశ్నలు ప్రేక్షకుణ్ని ఆటలోకి లాగిన తర్వాతే కష్టమైనవి వచ్చేవి. కాజీపేట వంటి రైల్వే ఊళ్లలో, సింగరేణి ప్రాంతంలో, వరంగల్ నగరంలో హిందీ, ఉర్దూ చెవికి అలవాటైన భాషలు కనుక, ఇక్కడి కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఆ కార్యక్రమం పాతుకుపోవడం ఆశ్చర్యమేమీ కాదు. ఆ వేడిలో జీ టీవీ అనుపమ్ ఖేర్, మనీషా కొయిరాలాలతో పది కోట్ల బహుమతి పేరు మీద ఒక ఆటను, సోనీ గోవిందాతో మరో ఆటను తెచ్చాయి గానీ ఏదీ దీని ముందు నిలవలేదు.

ఇక తెలుగు సంగతి. ఈ ఆట ఆకృతి మీద హక్కులు మొదట సెలడార్ అనే బ్రిటిష్ నిర్మాణ సంస్థవి. డబ్బు కట్టి అనుమతి తీసుకున్నంత మాత్రాన సరిపోదు. రంగస్థలం ఎలా ఉండాలి, కుర్చీలు ఎక్కడ ఉండాలి, ప్రశ్న పెరిగేకొద్దీ దీపాలు ఎలా కిందికి వాలాలి, ఏ ఘట్టంలో ఏ సంగీతం వినిపించాలి అన్నదంతా ప్రపంచమంతటా ఒకే పద్ధతిలో ఉండాలి. దానికి తోడు పెద్ద తారను తేవాలి, బహుమతి డబ్బు సిద్ధంగా ఉంచాలి. మన తెలుగు చానళ్లలో అప్పట్లో ఆదరణ పొందిన ఆటల తీరే వేరు. ఈటీవీలో సుమ ఏళ్ల తరబడి నడిపిన ‘స్టార్ మహిళ’ అందుకు మంచి ఉదాహరణ. మధ్యాహ్నం వేళ, మామూలు గృహిణులు పాల్గొనే, నవ్వుల మధ్య సాగిపోయే ఆట అది. దానికి కోటి రూపాయలూ అక్కరలేదు, విదేశీ అనుమతీ అక్కరలేదు. నిజం చెప్పాలంటే తెలుగు ఆటల్లో ఎక్కువ కాలం బతికినవి ఇటువంటివే.

2012లో దక్షిణాదికి ఈ ఆట ఒక్కసారిగా వచ్చింది. ఫిబ్రవరిలో తమిళంలో విజయ్ టీవీలో సూర్యతో, మార్చిలో కన్నడంలో సువర్ణలో పునీత్ రాజ్‌కుమార్‌తో, ఏప్రిల్‌లో మలయాళంలో ఏషియానెట్‌లో సురేష్ గోపీతో మొదలైంది. మూడు నెలల్లో మూడు భాషలు, తెలుగు మాత్రం లేదు. కారణం కోసం ఎక్కువ వెతకనక్కరలేదు. ఆ మూడు చానళ్లూ అప్పటికే స్టార్ టీవీ సంస్థ కుటుంబానికి చెందినవి లేదా దానితో ముడిపడినవి. తెలుగులో మాత్రం ఆ సంస్థకు చెప్పుకోదగ్గ వినోద చానల్ లేదు. ప్రేక్షకులు లేక కాదు, చానల్ లేక మనం వెనకబడ్డామని నా అభిప్రాయం.

రెండేళ్ల తర్వాత దాన్ని తెలుగులోకి తెచ్చిన మా టీవీ అప్పటికి స్టార్ సంస్థది కాదు. సినీరంగ ప్రముఖులకు అందులో వాటాలుండేవి, నాగార్జున కూడా వారిలో ఒకరు. అంటే హాట్ సీటుకు ఎదురుగా కూర్చున్న వ్యాఖ్యాత చానల్ యజమానుల్లో ఒకరన్నమాట. హిందీలో అమితాబ్‌కు గానీ, తమిళంలో సూర్యకు గానీ ఇటువంటి స్థానం లేదు. 2015లో స్టార్ సంస్థ మా టీవీ ప్రసార వ్యాపారాన్ని కొన్నది. 2017లో చిరంజీవి సీజన్ వచ్చిన కొద్ది నెలలకే, ఆ జూలైలో, అదే చానల్‌లో జూనియర్ ఎన్టీఆర్‌తో బిగ్ బాస్ తెలుగులో మొదలైంది. చానల్ బలమంతా అటు మళ్లడం వల్లే కోటీశ్వరుడు మరుగున పడ్డాడని నేను అనుకుంటాను. చిత్రమేమిటంటే, 2019 నుంచి బిగ్ బాస్‌ను నాగార్జున నడిపారు, బిగ్ బాస్‌ను మొదలుపెట్టిన ఎన్టీఆర్ 2021లో ఈ ఆటకు వచ్చారు. ఇద్దరు తారలు ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నారు.

హిందీలోనూ చానల్ మార్పు ఇదే రీతిలో జరిగింది. సెలడార్ 2006లో ఈ ఆట హక్కులను డచ్ సంస్థ టూవేట్రాఫిక్‌కు అమ్మింది. 2008లో ఆ సంస్థను సోనీ కొన్నది. రెండేళ్లు దాటాక, 2010 అక్టోబరులో, ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ స్టార్ ప్లస్‌ను వదిలి సోనీ టీవీకి వెళ్లింది. అంతకుముందు, 2007లో, స్టార్ ప్లస్‌లో వచ్చిన చివరి సీజన్‌ను షారుఖ్ ఖాన్ నడిపారు. అమితాబ్ కాకుండా మరొకరు నడిపిన హిందీ సీజన్ అదొక్కటే.

ప్రశ్న: ఇది అమెరికా వాళ్ల ఆట అని మా స్నేహితుడు, లండన్ వాళ్లదని నేను. ఎవరిది నిజం?
(ఒక పాఠకుడు, పరకాల)

జవాబు: మీదే. 1998 సెప్టెంబర్ 4న బ్రిటన్‌లోని ఐటీవీలో క్రిస్ టారంట్ వ్యాఖ్యాతగా ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ పేరుతో ఇది పుట్టింది. అమెరికాలో ఏబీసీ చానల్‌కు 1999 ఆగస్టులో వెళ్లింది. మన హిందీ ఆటలోని మొత్తాలు కూడా బ్రిటన్ మెట్లనే అనుసరించాయి. బ్రిటన్‌లో ప్రశ్నల విలువ 100, 200, 300, 500, 1,000 పౌండ్లుగా మొదలై, 32,000, 64,000, 1,25,000 మీదుగా పది లక్షలకు చేరేది. హిందీ తొలి సీజన్‌లో 1,000, 2,000, 3,000, 5,000, 10,000 రూపాయలతో మొదలై, 3,20,000, 6,40,000, 12,50,000 మీదుగా కోటికి చేరేది. ప్రతి అంకెకూ ఒక సున్నా చేర్చి, పౌండు తీసి రూపాయి పెట్టారు, అంతే. ఆరు లక్షల నలభై వేల తర్వాత రెట్టింపు కావలసిన మొత్తం పన్నెండున్నర లక్షలకే ఎందుకు ఆగిందని ఎప్పుడైనా అనిపించి ఉంటే, అది కూడా బ్రిటన్ లెక్కే. చివరి మెట్టు సరిగ్గా మిలియన్ దగ్గర ఆగడానికి వాళ్లు చేసుకున్న సర్దుబాటు మన దాకా వచ్చింది.

బ్రిటన్‌లో మొదటి మిలియన్ విజేత 2000 నవంబరులో, అంటే ఆట మొదలైన రెండేళ్లకు పైగా గడిచాక వచ్చారు. మన హిందీ ఆటలో జూలైలో మొదలైతే అక్టోబరుకే హర్షవర్ధన్ నవాథే కోటి గెలిచారు.

ప్రశ్న: తెలుగులో ఎవరైనా కోటి రూపాయలు గెలిచారా? గెలిస్తే చేతికి ఎంత వస్తుంది? సగం ప్రభుత్వానికే పోతుందని కళాశాలలో అనుకుంటున్నాం.
(ఒక డిగ్రీ విద్యార్థి, జగిత్యాల)

జవాబు: నాగార్జున, చిరంజీవి నడిపిన నాలుగు సీజన్లలో ఎవరూ గెలవలేదు. 2021 నవంబరులో, జెమినీలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ పదిహేను ప్రశ్నలూ దాటి కోటి అందుకున్నారు. హిందీలో నాలుగు నెలల్లోపే జరిగినది తెలుగులో ఏడేళ్లకు జరిగింది. మనవాళ్లకు తెలివి తక్కువని దీనికి అర్థం చెప్పుకోనక్కరలేదు. తెలుగు సీజన్లు చిన్నవి, ఎపిసోడ్లు తక్కువ. హిందీ మొదటి సీజన్ మాత్రం 2001 డిసెంబర్ దాకా ఒకటిన్నర సంవత్సరం ఏకబిగిన సాగింది. కుర్చీలో కూర్చునేవారి సంఖ్య పెరిగితేనే చివరి ప్రశ్న దాకా వెళ్లేవారి సంఖ్యా పెరుగుతుంది.

బహుమతి విషయంలో మాత్రం తెలుగు ఆట హిందీ కంటే వెనకబడే ఉంది. హిందీలో కోటితో మొదలై 2005లో రెండు కోట్లు, 2010లో ఐదు కోట్లు, 2013లో ఏడు కోట్లు, 2022లో ఏడున్నర కోట్లకు చేరింది. 2011లో బిహార్‌లోని మోతిహారికి చెందిన సుశీల్ కుమార్ ఐదు కోట్లు గెలిచిన సంగతి మీరు వినే ఉంటారు. తెలుగులో 2014లోనూ కోటే, 2021లోనూ కోటే.

పన్ను సగం కాదు గానీ మూడో వంతుకు పైనే. ఆదాయపు పన్ను చట్టం ఇటువంటి గెలుపును లాటరీతో సమానంగా చూస్తుంది. దానిపై 30 శాతం పన్ను. జీతం మీద వర్తించే శ్లాబులు దీనికి వర్తించవు. పొదుపు పథకాల మినహాయింపులు గానీ, ప్రాథమిక మినహాయింపు గానీ ఈ ఆదాయం నుంచి తీసివేయడానికి వీల్లేదు. 2021 నాటి నిబంధనలతో లెక్క వేద్దాం. వేరే ఆదాయమేమీ లేని వ్యక్తి సరిగ్గా కోటి గెలిస్తే పన్ను 30 లక్షలు, మొత్తం ఆదాయం 50 లక్షలు దాటింది కనుక ఆ పన్నుపై 10 శాతం సర్‌చార్జి 3 లక్షలు, ఈ 33 లక్షలపై 4 శాతం సెస్సు 1 లక్షా 32 వేలు. మొత్తం 34 లక్షల 32 వేలు పోగా, మిగిలేది 65 లక్షల 68 వేలు. ఉద్యోగి అయితే జీతంతో కలిసి ఆదాయం కోటి దాటుతుంది కాబట్టి సర్‌చార్జి 15 శాతం రేటులోకి వెళుతుంది. 30 శాతాన్ని నిర్వాహకులే ముందుగా మినహాయించుకొని మిగతాది ఇస్తారు, తక్కిన లెక్క రిటర్నులో తేలుతుంది. బ్రిటన్‌లో మాత్రం ఈ గెలుపుపై పన్ను లేదు. అక్కడ మిలియన్ గెలిస్తే మిలియనూ ఇంటికి వెళుతుంది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. మా బడిలో ఈ ఆట నమూనాలో పిల్లలకు పోటీ పెట్టాం. ‘రామప్ప గుడి ఏ జిల్లాలో ఉంది?’ అని అడిగితే ఒక అమ్మాయి వరంగల్ అంది, ఇంకొకరు భూపాలపల్లి అన్నారు, మూడోవారు ములుగు అన్నారు. ముగ్గురి దగ్గరా అచ్చు పుస్తకాలున్నాయి! టీవీలో ఇటువంటి చిక్కు రాకుండా ప్రశ్నలు ఎలా తయారుచేస్తారు?
(ఒక పాఠకుడు, ములుగు)

జవాబు: ఈ వారం ఉత్తరాల్లో మాకు బాగా నచ్చినది ఇదే. ఆ ముగ్గురు పిల్లల పుస్తకాలూ అవి అచ్చయిన నాటికి సరైనవే. 2014లో నాగార్జున మొదటి ప్రశ్న అడిగిన నాటికి రామప్ప గుడి ఉన్న పాలంపేట గ్రామం వరంగల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్ 11 నాటి జిల్లాల పునర్విభజనతో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి 2017లో చిరంజీవి సీజన్ నాటికి జవాబు భూపాలపల్లి వైపు. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా అయింది. 2021లో ఎన్టీఆర్ సీజన్ నాటికి జవాబు ములుగు. గుడి అక్కడే ఉంది, జవాబు రెండుసార్లు మారింది. వేయిస్తంభాల గుడిదీ అదే కథ. అది వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్‌కు, అక్కడి నుంచి 2021 ఆగస్టులో పేరు మారిన హనుమకొండ జిల్లాకు వచ్చింది. జెమినీలో కార్యక్రమం మొదలైనది కూడా ఆ ఆగస్టులోనే. ఆ జూలై 25న రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కాబట్టి వరంగల్ ప్రాంతం మీద ప్రశ్న రాసేవారికి అంతకంటే గడ్డుకాలం ఉండదు. పాత ఎపిసోడ్ చూసినా, పాత గైడు చదివినా మొదట దాని తేదీ చూడమని పిల్లలకు చెప్పండి. హనుమకొండలో గదులు అద్దెకు తీసుకొని గ్రూప్ పరీక్షలకు చదువుతున్న అభ్యర్థులకు కూడా ఈ మాట పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ గైడ్లలో ఇప్పటికీ పది జిల్లాల తెలంగాణే కనిపిస్తోంది.

ప్రశ్న తయారీ అసలు కిటుకు జవాబులో ఉండదు, ప్రశ్న వాక్యంలో ఉంటుంది. ‘రామప్ప గుడిని కట్టినదెవరు?’ అని అడిగారనుకోండి. శాసనం ప్రకారం 1213లో కట్టించినవాడు కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. నాటి చక్రవర్తి గణపతిదేవుడు. చెక్కిన శిల్పి రామప్ప అని, గుడికి ఆయన పేరే నిలిచిందని జనశ్రుతి. ఈ ముగ్గురినీ నాలుగు ఐచ్ఛికాల్లో పెడితే హాట్ సీటులో కూర్చున్న మనిషి ముగ్గురి తరఫునా వాదించగలడు. లక్షల రూపాయలు పోగొట్టుకున్నవాడు వాదించడమే కాదు, నోటీసు కూడా పంపగలడు. అదే ప్రశ్నను ‘శాసనం ప్రకారం రామప్ప గుడిని నిర్మింపజేసిన కాకతీయ సేనాని ఎవరు?’ అని రాస్తే తక్కిన ఇద్దరూ వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. ఒక్క ‘సేనాని’ అన్న మాటతో వివాదం తీరిపోయింది. జిల్లాల చిక్కు తప్పించుకోవడానికీ ఇటువంటి దారే ఉంది. ‘ఏ జిల్లాలో’ అనకుండా ‘ఏ గ్రామంలో’ అంటే పాలంపేట 2014లోనూ సరైనదే, ఇవాళా సరైనదే.

మీ బడి పోటీకి మరో మాట. మొదటి ఐదు ప్రశ్నలు తరగతిలో వెనక వరసలో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలిసేలా రాయండి. తప్పు ఐచ్ఛికాలు మరీ నవ్వు పుట్టించేలా ఉంటే ఆట పలచబడుతుంది, మరీ దగ్గరగా ఉంటే పిల్లలు గుడ్డిగా ఊహిస్తారు. కాకతీయుల ప్రశ్నకు ఐచ్ఛికాల్లో మరో ముగ్గురు కాకతీయుల కాలపు వారినే పెట్టడం కష్టమైన మెట్టుకు తగినది. సులువు మెట్టుకు శాతవాహనులను, కుతుబ్‌షాహీలను కలిపితే చాలు. జాతర మీద ప్రశ్న పెడితే మేడారం జాతర ఎన్నేళ్లకొకసారి జరుగుతుందని అడగండి. రెండేళ్లు అన్న జవాబును ఏ పునర్విభజనా మార్చలేదు.

ప్రశ్న: కరోనా కాలంలో ప్రేక్షకులు లేరు కదా, మరి ఆడియన్స్ పోల్ ఎలా పెట్టారు?
(ఒక పాఠకురాలు, సిరిసిల్ల)

జవాబు: పెట్టలేదు. 2020 హిందీ సీజన్‌లో స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టలేదు కనుక వారి ఓటు అడిగే ఆ లైఫ్‌లైన్‌ను తీసివేశారు. స్నేహితుడికి ఫోన్ చేసే చోట వీడియో కాల్ వచ్చింది. హాట్ సీటు కోసం ముందు వరసలో పోటీపడే పదిమందిని కూడా ఎనిమిదికి తగ్గించారు.

ప్రశ్న: ఇంటి నుంచి జవాబు ఎస్సెమ్మెస్ పంపితే బహుమతి అనేవారు. నేనూ చాలా పంపాను, ఫోన్‌లో డబ్బులు పోవడమే తప్ప ఏమీ రాలేదు. ఆ డబ్బే తిరిగి బహుమతిగా ఇస్తారని మా తమ్ముడు అంటాడు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: మీ తమ్ముడి అనుమానం మీద కోర్టులో వాదనలే జరిగాయి. 2007 హిందీ సీజన్‌లో ఇంట్లోని ప్రేక్షకులకు ఒక ఉప పోటీ పెట్టారు. ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2 రూపాయల 40 పైసలు, మామూలు ధర కంటే ఎక్కువ. ఆ సొమ్ము నుంచే బహుమతి ఇస్తూ, ప్రేక్షకుడికి అది ఉచితమన్న భావన కలిగించారని ఒక వినియోగదారుల సంఘం ఫిర్యాదు చేసింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో దీన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా తేల్చి, చానల్‌పై, మొబైల్ సంస్థపై కలిపి కోటి రూపాయల శిక్షాత్మక పరిహారం విధించింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆరోపణను నిలబెట్టేంత ఆధారం లేదన్నది ఆ తీర్పు సారాంశం. కాబట్టి చట్టం దృష్టిలో మీ తమ్ముడి మాట రుజువు కాలేదు. అయినా సందేశం పంపే ముందు దాని ధర ఎంతో చదవడం మంచిది. ఆ ధర తెర అడుగున చిన్న అక్షరాల్లో పరుగెత్తుతూ ఉంటుంది, చదివేలోపే మాయమవుతుంది. అది మాత్రం నాకెప్పుడూ నచ్చని పద్ధతి.

ప్రశ్న: నాకు వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. కరోడ్‌పతి వారి లాటరీలో నా నంబరుకు 25 లక్షలు తగిలాయట. బ్యాంకు వివరాలు, ముందుగా పన్ను కింద కొంత డబ్బు పంపమంటున్నారు. అమితాబ్ ఫొటో, ముద్రలతో కాగితం కూడా పంపారు. నమ్మవచ్చా?
(ఒక పాఠకుడు, మంచిర్యాల)

జవాబు: నమ్మవద్దు, ఒక్క రూపాయి కూడా పంపవద్దు. మీరు పాల్గొనని పోటీలో మీకు బహుమతి రాదు. ఈ ఆటలో మొబైల్ నంబర్ల లాటరీ అనేదే లేదు. జగిత్యాల విద్యార్థికి ఇచ్చిన జవాబులో చెప్పినట్టు, నిజమైన బహుమతిపై పన్నును ఇచ్చేవారే మినహాయించుకొని మిగతాది ఇస్తారు. గెలిచినవారిని ముందుగా పన్ను కట్టమని అడిగారంటే అది మోసమే, వేరే రుజువు అక్కరలేదు. ఫొటోలు, ముద్రలు ఎవరైనా అతికించగలరు. చాలాసార్లు ఈ ఫోన్లు విదేశీ నంబర్ల నుంచి వస్తుంటాయి.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే మొహమాటపడి ఆలస్యం చేయకండి. వెంటనే 1930కి ఫోన్ చేసి చెప్పండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, మీ బ్యాంకుకూ తెలియజేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఖాతాను నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. ఆ ఆడియోను, నంబరును, పంపిన కాగితాన్ని తొలగించకుండా ఉంచండి, ఫిర్యాదుకు అవే ఆధారాలు. ఓటీపీ గానీ, కార్డు వెనక అంకెలు గానీ ఇప్పటికే చెప్పి ఉంటే ముందు కార్డును బ్లాక్ చేయించి, ఆ తర్వాత మిగతా పనులు చూసుకోండి.